వియన్నా దగ్గర నువ్వు ఆపేసిన రాజు

చిరంజీవికి ఆశీస్సులు.

పోలండ్ రాజు యాన్ సోబియెస్కి మీద నువ్వు పంపిన నవల రాతప్రతి నిన్న రాత్రి ఏకబిగిన చదివాను. చివరి పేజీ అయ్యాక, ఇంకా కొన్ని కాగితాలు ఉండాలే అని కవర్లో చెయ్యిపెట్టి వెతికాను. లేవు. టర్కీ సేన వియన్నాను ముట్టడించినప్పుడు, 1683 సెప్టెంబరు 12 సాయంత్రం, నగరం పక్కనున్న కాలెన్‌బర్గ్ కొండ మీంచి పోలిష్ అశ్వికదళం దూకి ఆ సేన చెదిరిపోయిన చోటే నువ్వు ‘సమాప్తం’ అని రాసేశావు. కోపం వచ్చింది. అందుకే వెంటనే రాస్తున్నాను.

నీ వాక్యం బాగుంటుంది. ఆ మాట ఇక్కడితో చాలు.

ఆ రాజు ఆ తర్వాత పన్నెండేళ్లకు పైగా బతికాడయ్యా. వియన్నా గెలిచి నెల తిరక్కముందే, అక్టోబరు 7న, హంగరీలోని పార్కానీ దగ్గర కాల్బలం కోసం ఆగకుండా ముందుకు ఉరికి టర్కీ సేన చేతిలో చావుదెబ్బ తిన్నాడు. యాభై నాలుగేళ్ల వయసు, భారీ శరీరం. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుర్రం మీద పారిపోయాడు. రెండు రోజులకు ఆస్ట్రియా చక్రవర్తి సేనాని లొరేన్ డ్యూక్‌తో కలిసి అదే చోట టర్కీ సేనను చిత్తు చేశాడు. యూరప్ అంతా పొగుడుతున్న మనిషి అంతలోనే ఎందుకు తొందరపడ్డాడు? నీ నవల అక్కడ మొదలవ్వాలి.

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక వారపత్రికకు ఒక సేనాని జీవితం సీరియల్‌గా రాశాను. అతను ఓడిన అధ్యాయాలు వచ్చేసరికి, పాఠకులకు నిరుత్సాహం అని సంపాదకుడు వాటిని తీసేసి కథ ముగించేశాడు. నన్ను అడగనైనా లేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఇప్పుడు వస్తున్న చారిత్రక నవలల్లో చాలావరకు అదే పద్ధతి: కోట మీద జెండా ఎగరగానే కథ అయిపోతుంది. నువ్వూ ఆ దారి పట్టొద్దు.

మొదటి సగంలోనూ నువ్వు మరకలు తుడిచేశావు. 1655లో స్వీడన్ దండెత్తి వచ్చినప్పుడు సోబియెస్కి స్వీడన్ రాజు పక్షం చేరాడు. మరుసటి ఏడాది తిరిగి అప్పటి పోలండ్ రాజు దగ్గరికి వచ్చాడు. అంతకు మూడేళ్ల ముందు, కొసాక్కులతో జరిగిన బాతోహ్ యుద్ధం తర్వాత పోలిష్ బందీలను ఊచకోత కోసినప్పుడు అతని అన్న మారెక్ చనిపోయాడు. నీ ప్రతిలో ఈ రెండూ లేవు. టర్కీ మీద 1673 ఖోతిన్ విజయం మాత్రం తొమ్మిది పేజీలు!

భార్య మారిషెంకాకు అతను రాసిన ఉత్తరాలు సంపాదించి చదువు. వియన్నా గెలిచిన రాత్రి, టర్కీ సేనను నడిపిన వజీరు గుడారంలో కూర్చుని రాసిన ఉత్తరంలో గర్జనలేమీ లేవు. ఆ గుడారాల దగ్గర స్నానశాలలు, తోట, ఫౌంటెన్లు, కుందేళ్లు, పిల్లులు ఉన్నాయట. ఒక చిలక ఉంటే పట్టుకుందామని చూశారు, ఎగిరిపోయింది. అందమైన నిప్పుకోడి ఒకటి శత్రువుల చేతిలో పడకూడదని వజీరు దాని తల నరికించాడు. చిలక చేతికి చిక్కలేదని పెళ్లానికి రాసుకున్న మనిషిని నువ్వు ‘సింహంలా’ అంటూ నాలుగుసార్లు పిలిచావు.

ఇక చివరి సంవత్సరాలు రాయి. 1672లో టర్కీ వాళ్లు పట్టుకున్న కమెనెట్స్ కోట మీద పోలండ్ బెంగ అంతా ఉంది. దాన్ని వెనక్కి తేవడం అతని చేతుల్లో కాలేదు. టర్కీ చెప్పుచేతల్లో ఉన్న మల్దావియా మీదికి 1686లోనూ 1691లోనూ వెళ్లాడు, ఏమీ మిగల్లేదు. టర్కీ మీద యుద్ధానికి రష్యా తోడు కావాలని, అదే 1686లో కీవ్‌ను రష్యాకు శాశ్వతంగా వదులుకున్నారు. 1696 జూన్ 17న విలానుఫ్ భవనంలో కన్నుమూశాడు. ఆస్తి కోసం పెద్ద కొడుకు యాకూబ్ తల్లితోనే తగువుకు దిగాడు. పోలండ్‌లో రాజును ప్రభువర్గం ఎన్నుకునేది; మరుసటి ఏడాది ఆ ఎన్నికలో సింహాసనం సాక్సనీ పాలకుడు ఆగస్టస్‌కు పోయింది. కమెనెట్స్ 1699లో సంధి ద్వారా తిరిగి వచ్చింది.

ప్రచురణకర్తల గురించి నువ్వు అడిగినవాటికి ఇప్పుడు జవాబివ్వను. ముందు పార్కానీ అధ్యాయం రాసి పంపు. రాజు వెనక్కి తిరిగి చూసుకుంటూ పారిపోతున్నప్పుడు కొడుకు యాకూబ్ కూడా ఆ దండులోనే ఉన్నాడు, అది మరచిపోకు.