ఉరి తప్పినవాడి చేతికి కత్తి ఇస్తే (ఆటల అరుగు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: ఆరుగురు స్నేహితులం కలిసి ఆదివారాలు ఆడుకోవడానికి ఒక రోల్ ప్లేయింగ్ ఆట (తలా ఒక పాత్రలో ఉండి కథ నడిపేది) తయారుచేసుకున్నాం. మరణశిక్ష పడ్డ ఖైదీలు పిశాచాలతో పోరాడి పాపం కడుక్కోవాలి. పిశాచాన్ని చంపితే పది పాయింట్లు, వంద వస్తే విడుదల. మూడో వారానికే అందరూ పుణ్యాత్ములైపోయారు, ఆట చప్పబడింది. ఎక్కడ తప్పింది? (అమలాపురం)

జవాబు: ఒకటే లెక్క పెట్టారు, అక్కడే తప్పింది. రెండు కావాలి. మన స్మృతులు దండాన్నీ (రాజు వేసే శిక్షనీ) ప్రాయశ్చిత్తాన్నీ ఒకే గాటన కట్టలేదు. పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేసిన ధర్మశాస్త్రం విజ్ఞానేశ్వరీయంలో కూడా తగవులూ శిక్షలూ చెప్పే వ్యవహారకాండ వేరు, ప్రాయశ్చిత్తకాండ వేరు. శిక్ష రాజు రద్దు చెయ్యగలడు. చచ్చినవాడి తల్లి పొద్దున్నే గుమ్మంలో కూర్చుని దారి వంక చూస్తుంటే, ఆ బాకీ రాజు చేతిలో లేదు.

ప్రతి పాత్రకీ ఒక కాగితం తీసుకుని మధ్యకి మడవండి. ఎడమవైపు శిక్ష: పన్నెండు నిలువు గీతలు. బ్రహ్మహత్యకు మనువు చెప్పిన వనవాసం పన్నెండేళ్లు, అంకె అక్కడిది. అప్పగించిన పని ముగించి ప్రాణాలతో తిరిగొస్తే ఒక గీత కొట్టెయ్యండి. మధ్యలో వదిలేసి వస్తే రెండు కలపండి.

కుడివైపు పాపం. మూడు వరుసలు రాయించండి: ఏం చేశాడు, ఎవరికి చేశాడు, వాళ్ల తాలూకు ఇంకా బతికున్నది ఎవరు. మూడో వరుస ఖాళీగా ఉంటే ఆ పాత్రను ఆటలోకి రానివ్వొద్దు. కాగితం పక్కన ఐదు చింతపిక్కలు పెట్టండి. ఒక పిక్క తియ్యాలంటే మూడూ కుదరాలి. పాత్రకి నిజంగా ఏదో పోవాలి: ఆయుధమో, వేలో, అంతకుముందు కొట్టేసిన శిక్ష గీతో. ఆ పని ఎవరూ ఆజ్ఞాపించి ఉండకూడదు. మేలు ఆ మూడో వరుసలోని మనిషికి గానీ, అలాంటి దెబ్బే తిన్న ఇంకొకరికి గానీ చేరాలి. పిశాచాన్ని చంపినందుకు పిక్కల్లో సున్నా.

నాలుగు పూటల ఆటకి ఒక పిక్క తగ్గితే వేగం సరిగ్గా ఉన్నట్టు. అంటే వారానికోసారి ఆడితే ఐదు నెలల కథ. అంతకన్నా జోరుగా తగ్గుతున్నాయంటే, ఆట నడిపేవాడు మొహమాటానికి పోతున్నాడన్నమాట. గీతలన్నీ పోయి పిక్కలు నాలుగు మిగిలినవాడికి తలుపు తీసేసి, ఇక వెళ్లొచ్చని చెప్పండి. ఆ పూట బల్ల దగ్గర అందరూ ఏం మాట్లాడతారో చూడండి.

ప్రశ్న: శిక్ష పడ్డవాళ్లని యుద్ధానికి పంపడం చరిత్రలో ఉందా? పంపితే పారిపోరా? (రాజోలు)

జవాబు: ఉంది. రోమ్‌లో గ్లాడియేటర్ల శాలకు పంపే శిక్షకు కొలత ఉండేది: మూడేళ్లు నిలిస్తే బరిలో పోరాటం నుంచి విముక్తి, ఐదేళ్లకు స్వేచ్ఛకు గుర్తుగా టోపీ. 1942 జూలై 28న స్టాలిన్ ఇచ్చిన 227వ నంబరు ఆజ్ఞతో ఎర్రసైన్యంలో శిక్షా దళాలు వచ్చాయి. గడువు మూడు నెలలకు మించదు. గాయపడితే నేరం రక్తంతో కడిగేసుకున్నట్టే, పాత హోదా తిరిగొస్తుంది. పారిపోయేవాళ్లని ఆపడానికి వెనక వేరే దళాలు కాపు కాసేవి.

ఇక మన యాజ్ఞవల్క్య స్మృతి: బ్రహ్మహత్య చేసినవాడు యుద్ధంలో ఆయుధాలకు గురిగా నిలబడి చస్తే శుద్ధుడు, దెబ్బలు తిని చావు అంచుదాకా వెళ్లి బతికినా శుద్ధుడే. మనువు ఇంకో మాట చేర్చాడు, అది ‘తన ఇష్టంతో’ జరగాలని. తోసి పంపితే అది శిక్ష గీత. తనంతట నిలబడితేనే పిక్క.

పారిపోవడం సంగతికొస్తే, శిబిరాన్ని ఏటి మధ్య ఒక లంకలో పెట్టండి. గోడలక్కర్లేదు, ఒకటే పడవ. కొత్తగా రాసేవాళ్లు వరదరోజుల్లో కాపలా పెంచుతారు, అది తిరగేసిన లెక్క. ఎర్రనీరు దిగినప్పుడు ఎవడూ ఏట్లో దూకడు. వేసవిలో పాయ ఎండి ఇసుకమేట తేలితే నడిచే దాటొచ్చు. కాపలా అప్పుడు కావాలి.

ప్రశ్న: కోనసీమలో చీకటి లోకం కడదామంటే కొబ్బరిచెట్లూ పచ్చదనమూ తప్ప ఏమీ తోచడం లేదు. (ముమ్మిడివరం)

జవాబు: పగటిపూట చూస్తున్నారు కాబట్టి. ఆగస్టు రాత్రి ఏటిగట్టు మీద నిలబడి చూడండి. పైగా ఈ గోదావరి దిగిందే ఒక ప్రాయశ్చిత్తం కోసమని పురాణం: గౌతముడు దర్భతో అదిలిస్తే ఆవు పడి చచ్చింది, ఆ పాపం పోగొట్టుకోవడానికి గంగను దించాడు. కొవ్వూరు గోష్పాద క్షేత్రం ఆ కథ తాలూకుదే. మీ ఖైదీలతో ప్రమాణం చేయించడానికి వేరే చోటు వెతకనక్కర్లేదు.

పిశాచాల బలాన్ని నీటిమట్టంతో కట్టెయ్యండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. ఒక పుల్ల మీద గుర్తులు పెట్టి, ప్రతి వంతుకీ పావు అడుగు పెంచండి. మొదటి హెచ్చరిక నుంచి మూడోదాకా సరిగ్గా 24 వంతులు. అందులో 8 అయ్యేసరికి రెండోదాన్ని అందుకుంటుంది. అప్పటిదాకా పిశాచాలు కనపడకుండా వాటి అరుపులు మాత్రమే వినిపించండి.

ఖైదీల పని గట్టు కాయడం. దీన్ని నిజంగా జరిగేటట్టే రాయండి. గట్టుకి ఊరివైపు అడుగున బుంగ పడి నీరు ఉబుకుతుంది. తేటగా వస్తే కనిపెట్టుకుని ఉంటే చాలు. మట్టి కలిసి వస్తోందంటే గట్టు లోపల్నించి కరుగుతోందని అర్థం. కంగారులో బస్తా తెచ్చి కన్నంలో కుక్కేస్తారు, పెద్ద పొరపాటు. ఒత్తిడి పక్కన ఇంకో దారి చూసుకుంటుంది. బుంగ చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలాగా కట్టాలి. బస్తా సగానికి పైన నింపి, మూడింట రెండొంతులు దాటనివ్వకూడదు. బిర్రుగా నింపితే ఒకదాని మీద ఒకటి ఒదగవు, సందుల్లోంచి కారిపోతుంది. ఒర లోపల నీరు పెరిగేకొద్దీ ఉబుకు తగ్గి, వచ్చే నీరు తేటపడుతుంది. పూర్తిగా ఆపకూడదు, ఒక పక్కనుంచి పోనివ్వాలి. ఆ తేటపడ్డ నీళ్లలో లాంతరు వెలుగుకి, బస్తా మోసినవాడికి తను చంపిన మనిషి మొహం కనిపించిందనుకోండి. పిశాచానికి కొమ్ములు కూడా అక్కర్లేదు.

ప్రశ్న: పాచికల బదులు గవ్వలు వాడొచ్చా? (నరసాపురం)

జవాబు: భేషుగ్గా. నాలుగు గవ్వలు వేసి నోరు పైకి పడ్డవి లెక్కపెట్టండి. సమంగా పడే గవ్వలైతే పదహారింట రెండు పడేది ఆరు సార్లు, ఒకటి నాలుగు, మూడు నాలుగు, అన్నీ పైకి ఒకటి, అన్నీ కిందికి ఒకటి. మామూలు పనికి రెండు చాలు, అంటే పదహారింట పదకొండు నెగ్గుతాయి. కష్టమైనదానికి మూడు పెడితే ఐదే. ముందుగా ఒక్కో గవ్వనీ వందసార్లు వెయ్యండి. నోరు పైకి 40కీ 60కీ మధ్య పడకపోతే పక్కన పెట్టెయ్యండి. అన్నీ బోర్లా పడితే అనర్థం అని పెట్టుకోవచ్చు గానీ, అష్టాచెమ్మా అలవాటున్న ఇంట్లో అది చూసి అమ్మమ్మగారు ‘అష్టా!’ అని చప్పట్లు కొట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఎలాంటి నేరమైనా పాత్రకు పెట్టొచ్చా? (రావులపాలెం)

జవాబు: పెట్టకూడదు. పసిపిల్లల మీద, ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు చేసినవాడిని హీరోగా ఆడమంటే బల్ల దగ్గర ఎవరికో ఒకరికి ఊపిరాడదు, బయటికి చెప్పుకోలేరు. మొదటి పూటకి ముందే తలా ఒక చీటీ ఇచ్చి, ఆటలో రాకూడనివి పేరు లేకుండా రాయించండి. ఆట నడిపేవాడు చదివి, అవన్నీ తీసేశానని మాత్రం చెప్పాలి. ఏ చీటీ ఎవరిదని ఆరా తియ్యకూడదు.