బాఖ్ డి మైనర్ కన్‌చెర్టో పియానో మీద వింటే సరిపోదా?

సరిపోదు. పియానో మీద గొప్పగా వాయించినవాళ్లు లేరని కాదు. కన్‌చెర్టో అంటే ఒక వాద్యం ముందుండి, మిగతా బృందం తోడుగా వాయించే రచన. పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఈ కన్‌చెర్టోలో ఉన్న ఆవేశం మాత్రం హార్ప్సికార్డ్ మీదే పూర్తిగా తెలుస్తుంది. అది పియానోలాగే మెట్లున్న పాతకాలపు తీగ వాద్యం.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో చదువుకునే రోజుల్లో దీన్ని ఒక చిన్న హాల్లో విన్నాను. వాయించేవాళ్లు అరడజను మందికి మించి లేరు. మొదలవడమే అందరూ కలిసి ఒకే స్వరాల వరుస అందుకున్నారు. అప్పుడు హార్ప్సికార్డ్ విడిగా వినబడలేదు, వయొలిన్ల నాదానికి సాన పట్టినట్టు అనిపించింది అంతే. కాసేపటికి మిగతావాళ్లు తగ్గారు. ఒకే స్వరం పదేపదే మోగుతుంటే దాని చుట్టూ మిగతావి పరుగెత్తే చోటు వచ్చింది. వయొలిన్ మీద రెండు తీగలను మార్చి మార్చి వాయించే పద్ధతి అది. అందుకే ఇది మొదట వయొలిన్ కోసం రాసిందనీ, ఆ ప్రతి దొరకలేదనీ చాలామంది పండితులు అంటారు. నాకైతే అనుమానమే లేదు.

హార్ప్సికార్డ్‌లో మెట్టు ఎంత గట్టిగా నొక్కినా లోపలి ఈక మొన తీగను దాదాపు ఒకే బలంతో మీటుతుంది. మరి టెన్షన్ ఎలా పెరుగుతుంది? స్వరాలు దట్టమవుతాయి, ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఆ హాల్లో నా పక్కనున్న పెద్దాయన కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాడు. పియానో వాద్యకారులు ఇదే చోట మెల్లగా మొదలుపెట్టి చప్పుడు పెంచుకుంటూ పోతారు. స్వరాల్లోనే ఉన్నదాన్ని మళ్లీ చేతి బలంతో చెప్పడం దేనికి?

బాఖ్ దీన్ని 1738 ప్రాంతంలో తన చేత్తో రాసిపెట్టాడు. ఆయన 1729లో బాధ్యత తీసుకున్న కలీజియం మ్యూజికమ్ అనే సంగీత బృందం లైప్‌జిగ్‌లోని జిమ్మర్‌మాన్ కాఫీహౌస్‌లో వాయించేది. ఆ భవనం 1943 బాంబు దాడిలో పోయింది. ఈ సంగీతం అలాంటి గదికే తగినదని నా గట్టి నమ్మకం. ఇప్పుడేమో రెండు వేల సీట్ల హాళ్లలో పెట్టి, హార్ప్సికార్డ్ వినబడటం లేదని దాన్నే తప్పుపడతారు!

ఇంకో బాధ, యాప్‌ల ప్లేలిస్టుల్లో మొదటి భాగం ఒక్కటే పెడతారు. జి మైనర్‌లో నడిచే రెండో భాగం లేకుండా ఇది సగమే. అక్కడ కింది స్వరాల్లో ఒకే వరుస తిరిగి తిరిగి వస్తుంటే, పైన హార్ప్సికార్డ్ గమకాలతో నింపాదిగా సాగుతుంది. ఇదే భాగాన్ని బాఖ్ తన 146వ నంబరు కాంటాటాలో (చర్చిలో పాడే గాన రచనలో) వాడుకుని, పైన బృందగానం కలిపాడు. అది కూడా వెతికి వినండి.