చరిత్ర చదివే అమ్మాయికి ఉద్యోగం ఎలా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. సబ్జెక్టు చరిత్ర, మార్కులు బాగానే వస్తాయి. ఉద్యోగం మాటెత్తితే చాలు, "చదువు ఉద్యోగం కోసం కాదు నాన్నా" అంటుంది. నా స్నేహితులేమో డిగ్రీలకు విలువ పోయింది, వెంటనే ఏదో ఒక కంప్యూటర్ కోర్సులో చేర్పించమంటున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఇంట్లో జరిగే ఈ వాదన నా గదిలో వారానికి రెండు మూడుసార్లయినా వింటాను. తండ్రి నావైపు తిరిగి మాట్లాడతాడు, పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. మీ టెన్షన్ నాకు అర్థమవుతోంది. అయినా మీ అమ్మాయి మాటను కొట్టిపారేయకండి. ఎందుకంటే మీరిద్దరూ చాలా పాత వాదనలోనే చెరొక పక్షాన ఉన్నారు.

యూరప్‌లో అన్నిటికంటే పాతదిగా చెప్పే బొలోన్యా విశ్వవిద్యాలయం 1088లో పుట్టిందని లెక్క. దానికి పేరు తెచ్చింది న్యాయశాస్త్రం. అది చదివినవాళ్లకు రాజుల దగ్గర, చర్చిలో కొలువులు దొరికేవి. అంటే చదువుకీ కొలువుకీ ముడి నిన్న మొన్న పడింది కాదు. మరోవైపు, 1810లో బెర్లిన్‌లో విశ్వవిద్యాలయం మొదలు కావడానికి కారకుడైన విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ ఏమనుకున్నాడంటే, ముందు మనిషి ఆలోచన పదునెక్కాలి, అలాంటి మనిషికి ఏ వృత్తి అయినా తర్వాత తేలిగ్గానే పట్టుబడుతుంది. మీరు బొలోన్యా పక్షం, మీ అమ్మాయి హుంబోల్ట్ పక్షం. ఆయన కూడా వృత్తి వద్దనలేదు, అది తర్వాతి మెట్టు అన్నాడు. మీ అమ్మాయి ఇప్పుడు సరిగ్గా ఆ మెట్టు దగ్గరే ఉంది. ఈ మాట ఆమెకు చెప్పి చూడండి.

ఇక మీ స్నేహితుల మాట. అందులో సగం నిజముంది. మైకేల్ స్పెన్స్ అనే ఆర్థికవేత్త 1973లో ఒక సంగతి వివరించాడు. ఉద్యోగం ఇచ్చేవాడికి ఎదురుగా కూర్చున్న మనిషి ఎంత పనిమంతుడో ముందుగా తెలియదు. అందుకని డిగ్రీని ఒక గుర్తుగా తీసుకుంటాడు. ఇంత కష్టమైనది పూర్తిచేశాడంటే పని కూడా చేయగలడులే అని. ఆ కృషికి 2001లో స్పెన్స్ నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఆ గుర్తు పదిమందిలో ఒకరి దగ్గర ఉన్నంతకాలం బాగా పనిచేసింది. పదిమంది దగ్గరా ఉంటే ఎవరిని ఎంచుకోవాలో దాన్నిబట్టి తేలదు. డిగ్రీకి విలువ పోయిందని జనం అనేది దీన్నే. కానీ చదువు విలువ పోలేదు. పలచబడింది కాగితం విలువ. మరి ఇంకో కోర్సు చేసి ఇంకో కాగితం తెస్తే అదెందుకు పలచబడదు?

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. నర్సింగ్, వైద్యం లాంటి చదువుల్లో డిగ్రీయే లైసెన్స్‌కి దారి. చరిత్రకు ఆ సౌకర్యం లేదు. ఫలానా ఉద్యోగం అని బోర్డు పెట్టుకుని ఎవరూ ఎదురుచూడరు. ఏం చేయగలదో ఆమే చూపించాలి. మొదటి ఉద్యోగానికి కొంచెం ఎక్కువ తిరగాల్సి రావచ్చు కూడా.

చూపించడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. ఆ మధ్య చరిత్రే చదివిన ఒక అమ్మాయి రెజ్యూమె పట్టుకొచ్చింది. ఆన్‌లైన్ సర్టిఫికెట్లు పదకొండు. కింద "పరిశోధనా నైపుణ్యం, కమ్యూనికేషన్ స్కిల్స్" అని ఒక లైను. ఆ లైను ఎవరి రెజ్యూమెలోనైనా ఉంటుంది. కాగితం పక్కన పెట్టి, "మూడేళ్లలో నిన్ను బాగా ఏడిపించిన పని ఏది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి ప్రాజెక్టు గురించి చెప్పింది. ఒక పాత అంటువ్యాధి మీద రాస్తుంటే, మొదటి మరణం తేదీ పత్రికలో ఒకటి, ఆసుపత్రి రిజిస్టరులో ఒకటి, ఒక ఉత్తరంలో మరొకటి ఉన్నాయట. మూడు వారాలు తల పట్టుకున్నాక తేలిందేమిటంటే, పత్రికలో ఉన్నది వార్త అచ్చయిన తేదీ, ఉత్తరంలో ఉన్నది కబురు అందిన తేదీ. రిజిస్టరే సరైనది. చెప్తున్నంతసేపూ ఆ పిల్ల గొంతే మారిపోయింది.

ఆ పాత లైను కొట్టేసి ఈ సంగతే మూడు వాక్యాల్లో రాశాం. సర్టిఫికెట్లు పదకొండులో తొమ్మిది తీసేశాం. తర్వాత ఆమెకు పత్రాలు పరిశీలించే ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగింది ఆ మూడు తేదీల గురించేనట. ఒకదానికొకటి పొసగని కాగితాలు ముందుంటే ఏది నమ్మాలో తేల్చడమే అక్కడ రోజూ చేసే పని.

ఇలాంటి పనికే ఇప్పుడు గిరాకీ. ఆటర్, లెవీ, మర్నేన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2003లోనే చెప్పారు, నియమాలుగా రాసిపెట్టగల పనిని కంప్యూటర్ తీసుకుంటుందని, ఏది సరైనదో తేల్చడం, ఎదుటివారికి నచ్చజెప్పడం లాంటి పనుల్లో మనిషికి తోడవుతుందని. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కంప్యూటర్ పనికీ మనిషి పనికీ మధ్య గీత ఇంకా జరిగింది. చక్కగా కనిపించే పేజీ ఎవరైనా నిమిషంలో తయారుచేస్తున్నారు. అందులో ఏది నిజం, ఏది కల్పన అని పట్టుకునే మనిషి కావాలి. చరిత్రను శ్రద్ధగా చదివినవాళ్లు మూడేళ్లుగా చేసే సాధన అదే.

అలాగని కంప్యూటర్ వద్దనడం లేదు. భయంతో ఏదో ఒక కోర్సులో పడేయొద్దంటున్నాను. మీ అమ్మాయి తన ప్రాజెక్టులోని లెక్కల్నే స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించి, పట్టికలు, గ్రాఫులు గీయనివ్వండి. సొంత ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేర్చుకున్న పనిముట్టు చేతిలో నిలుస్తుంది. దానితోపాటు పత్రికలు, ప్రచురణ, మ్యూజియాలు, పాత పత్రాలు భద్రపరిచే సంస్థలు, బీమా, పరిశోధన విభాగాలు, వీటిలో పనిచేసే నలుగురితో మాట్లాడమనండి. ఉద్యోగం అడగొద్దు, "మీ రోజు ఎలా గడుస్తుంది?" అని అడిగితే చాలు. నెల రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఎంత చిన్నదైనా వదులుకోవద్దు. నలుగురితో కలిసి గడువులోపు పని ముగించడం తరగతి గదిలో పూర్తిగా రాదు.

మీ వంతుగా ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆమె ప్రాజెక్టు అడిగి తీసుకుని మొత్తం చదవండి. తర్వాత, "ఇది నువ్వెలా కనిపెట్టావమ్మా?" అని అడగండి. ఆమె చెప్పడం అయ్యేదాకా ఉద్యోగం మాట ఎత్తొద్దు. విన్నవి ఆమె మాటల్లోనే రాసుకుని నాకు పంపండి. రెజ్యూమెలో మొదటి నాలుగు లైన్లు వాటిలోంచే తీద్దాం.