రొయ్య కంటే ముందు అనిమోన్

చిట్టితల్లీ,

ఈ ఆదివారం కొళత్తూరు చేపల బజారుకి వెళ్లి అనిమోన్ రొయ్యల జత తెచ్చుకుంటావని మీ నాన్న చెప్పాడు. అనిమోన్ అంటే పువ్వులా కనిపించే సముద్రపు జీవి, దాని తీగల మధ్యే ఈ రొయ్య బతుకుతుంది. నీ ఉప్పునీళ్ల ట్యాంక్ పెట్టి ఇంకా రెండు నెలలే కదమ్మా. కాస్త ఆగు.

గాజులాంటి ఒళ్లు, దాని మీద తెల్ల మచ్చలు, తోక మీద నల్లంచు నారింజ చుక్కలు. చూస్తే ఎవరికైనా మనసవుతుంది. కానీ అది ఒంటరిగా బతికే ప్రాణి కాదు. చేపల నోట పడకుండా దాన్ని కాచేది అనిమోన్ కుట్టే తీగలే. ఆ అనిమోన్‌కి కుదుటపడ్డ ట్యాంక్ కావాలి. నీళ్లలో చేరే విషాలు, అమోనియా, నైట్రైట్ సున్నా ఉంటే చాలదు, కనీసం ఆరు నెలలు నిలకడగా నడవాలి.

నేను రెండూ ఒకే రోజు తెచ్చాను. "ఏం కాదు సార్" అన్నాడు షాపతను. ఆ రాత్రి అనిమోన్ పట్టు దొరక్క కొట్టుకుపోయి పంపులో పడింది. తెల్లారేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, రొయ్యలు రెండూ చచ్చిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. పంపుకి స్పాంజ్ తప్పకుండా తొడుగు.

అనిమోన్ ఒకచోట కుదురుకున్నాకే రొయ్య. రొయ్య ఉన్న కవర్లోకి ట్యాంక్ నీళ్లు చుక్కచుక్కగా గంటసేపు వదులు. తర్వాత రొయ్యని పక్కన దించు, అనిమోన్ మీద మాత్రం పెట్టకు. కొన్నాళ్లు దూరమైతే దాన్నీ అనిమోన్ కుడుతుంది. అందుకే రొయ్య మీసంతో తాకి వెనక్కి దూకుతుంది, మళ్లీ కాలు ఆనిస్తుంది, మళ్లీ దూకుతుంది. గంటలు పట్టినా దాని మానాన వదిలెయ్యి. తర్వాత తిండి మరిచిపోకు. ఆకలేస్తే అనిమోన్ తీగల కొనలే కొరుక్కు తింటుంది.

మన చెన్నై మే నెల అనిమోన్‌కి గండం. నీళ్లు 26 డిగ్రీల దగ్గర ఉండాలి. బాగా వేడెక్కితే దాని ఒంట్లోని నాచు పోయి తెల్లబడుతుంది. నీళ్లు చల్లబరిచే యంత్రం, చిల్లర్‌కి డబ్బు చాలకపోతే రొయ్య కొనడం వాయిదా వెయ్యి. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీళ్లే పొయ్యి, ఉప్పునీళ్లు కాదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంక్‌లోనే ఉంటుంది.

చేపలకి జబ్బు చేసిందని రాగి మందు ట్యాంక్‌లో వెయ్యకు, రొయ్యకి అది విషం. అడుగున రొయ్య ఆకారంలో తెల్లటి పొర కనిపిస్తే ఏడవకు, అది విడిచిన కుబుసం.

ఇంకొకటి. సముద్రపు దోసకాయ అనే జీవి మీద బతికే ఎంపరర్ రొయ్యని కూడా కొందరు చూపిస్తారు. దోసకాయతో కలిపి ఇస్తామంటే వద్దను. 2001 నుంచి మన దేశంలో సముద్రపు దోసకాయ చట్టం కాపాడే జీవి, పట్టినా అమ్మినా నేరం.

ఆదివారం రొయ్యలు కాకుండా నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ తెచ్చుకో. సాయంత్రం నేనొస్తా, ఇద్దరం కలిసి నీళ్లు చూద్దాం.

మీ పెదనాన్న