గామా కిరణ విస్ఫోటనం చిత్రంలో ఎందుకు దొరకలేదు?

విజయనగరంలో డాబా మీది నుంచి 8 అంగుళాల టెలిస్కోపుతో, సుదూర గెలాక్సీల్లో క్షణాల్లో మెరిసే గామా కిరణ విస్ఫోటనం కోసం, వాటిని పసిగట్టే నాసా ఉపగ్రహం ఫెర్మీ పంపిన హెచ్చరికలోని స్థానం వైపు గంటసేపు చిత్రాలు తీసినా కొత్త చుక్క కనిపించలేదన్నారు. మీ టెలిస్కోపులో లోపం లేదు. ఫెర్మీలో ఈ విస్ఫోటనాలను గుర్తించే జీబీఎం పరికరం చెప్పే స్థానం తరచు కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. మీ కెమెరాకు అందేది అర డిగ్రీ మాత్రమే అన్నారు కదా, అసలు చోటు దాని బయటే ఉండి ఉంటుంది.

ఇలాంటి హెచ్చరికలను వెంటనే అందరికీ పంపే నాసా వ్యవస్థ జీసీఎన్‌లో స్విఫ్ట్, ఎస్‌వీఓఎం ఉపగ్రహాల హెచ్చరికలనే ఎంచుకోండి. వాటి ఎక్స్-రే టెలిస్కోపు గురి పెట్టగలిగితే స్థానం ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) లోపు తెలుస్తుంది.

ఆ తర్వాత అసలు పోటీ కాలంతోనే. విస్ఫోటనం తర్వాత మిగిలే వెలుగు సుమారుగా గడిచిన సమయానికి విలోమంగా తగ్గుతుంది. ఒక నిమిషానికి 15వ మాగ్నిట్యూడ్‌లో (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) ఉన్నది పది నిమిషాలకు 17.5కు, వంద నిమిషాలకు 20కి పడిపోతుంది. అప్పుడిక మీ డాబాకు అందదు. అందుకే టెలిస్కోపును సాయంత్రమే సిద్ధంగా ఉంచండి. ఒకే పొడవైన ఎక్స్‌పోజర్ వద్దు. నిమిషం చొప్పున తీసి, తర్వాత కలపండి. వెలుగు తగ్గడం కూడా నమోదవుతుంది. కొత్త చుక్క ఏదో తెలియడానికి, ఆకాశాన్ని ముందే చిత్రించిన పాన్-స్టార్స్ సర్వే పటంతో పోల్చండి. చుక్క కదిలితే అది గ్రహశకలం.

వీలైతే చింతపల్లి తీరం వైపు వెళ్లండి, అక్కడ ఊరి దీపాల బెడద తక్కువ. అయితే సముద్రపు తేమకు అద్దం మీద మంచు పడుతుంది, హీటర్ పట్టీ తప్పనిసరి. 2022 అక్టోబరు 9 నాటి విస్ఫోటనాన్ని ఔత్సాహికులు కూడా చిత్రించారు. మీరూ పట్టగలరు.