సమాధానం: బ్యాటరీ పెడితే డీఎస్1307 పలకడం లేదు

మీ డీఎస్1307 (టైమ్ లెక్కపెట్టే గడియారం చిప్) పాడవలేదండీ. ఈఎస్‌పీ32 (ప్రోగ్రామ్ నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు) 3.3 వోల్ట్ పిన్నుకు దాన్ని కలిపారు, బ్యాటరీ తీస్తే టైమ్ వస్తోంది, పెడితే ఏ చిప్‌లు పలుకుతున్నాయో వెతికే స్కాన్‌లో చిప్పే కనబడట్లేదు అన్నారు కదా, చిక్కంతా అక్కడే.

సప్లై వోల్టేజీ బ్యాటరీకి 1.25 రెట్ల కన్నా తగ్గితే డీఎస్1307 కరెంటు పోయిందనుకుంటుంది. తప్పుడు డేటా లోపల పడకుండా చదవడం, రాయడం రెండూ ఆపేస్తుంది. సీఆర్2032 బిళ్ల బ్యాటరీ 3 వోల్టులు, 3×1.25 = 3.75. మీరిచ్చేది 3.3. ఇక ఎలా పలుకుతుంది?

చిప్‌కు సప్లై అందే వీసీసీ పిన్నుకు 5 వోల్టులివ్వండి. ముందు మాడ్యూల్ (చిప్ అమర్చిన చిన్న బోర్డు) మీది పుల్-అప్ రెసిస్టర్లు (డేటా తీగలను సప్లై వోల్టేజీకి లాగి ఉంచేవి) తీసేసి, 4.7 కిలోఓమ్‌లవి రెండు 3.3కి కట్టండి, లేదంటే ఈఎస్‌పీ పిన్నుల మీదకి 5 వోల్టులొస్తాయి. అప్పటికీ సెకన్లు కదలకపోతే 00 రిజిస్టర్‌లో 7వ బిట్‌ను (గడియారాన్ని ఆపి ఉంచే బిట్) 0 చేయండి.

నన్నడిగితే డీఎస్3231 అనే మరో గడియారం చిప్ కొనడం మేలు, 3.3తోనే నడుస్తుంది. దానికి 5 ఇచ్చేటట్టయితే మాత్రం మాడ్యూల్ మీద బ్యాటరీకి కరెంటు పంపే చార్జింగ్ డయోడు ఉందేమో చూసి పీకేయండి. సీఆర్2032 చార్జ్ చేసే సెల్లు కాదు, ఉబ్బిపోతుంది.