మెటల్ గొంతులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: హెవీ మెటల్ సంగీతంలో నాకు డెత్ మెటల్ అంటే ప్రాణం. నా స్నేహితుడికి బ్లాక్ మెటల్ తప్ప ఇంకేదీ చెవికి ఎక్కదు. గ్రౌల్, అంటే డెత్ మెటల్ గాయకుల లోతైన గర్జన, కడుపులోంచి వచ్చే బలమని, బ్లాక్ మెటల్ గొంతు పైపైన పుట్టే కీచు మాత్రమేనని నేనంటాను. వాడు ససేమిరా ఒప్పుకోడు. మీరైనా తీర్పు చెప్పండి.

జవాబు: తీర్పు చెబుతాను. ముందు మీరిద్దరూ ఒకచోట కూర్చుని నార్వే బృందం డార్క్‌త్రోన్ తొలి రెండు ఆల్బమ్‌లు ఒకదాని వెంట ఒకటి వినండి. 1991లో వచ్చిన 'సోల్‌సైడ్ జర్నీ' అచ్చమైన డెత్ మెటల్. స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డు చేశారు. స్వీడన్ డెత్ మెటల్ బృందం ఎంటూంబ్డ్ తొలి ఆల్బమ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' పుట్టింది కూడా అక్కడే. మరుసటి ఏడాది వచ్చిన 'ఎ బ్లేజ్ ఇన్ ద నార్తర్న్ స్కై' బ్లాక్ మెటల్. రెండింటిలోనూ పాడింది నాక్టర్నో కల్టోయే. మనిషి మారలేదు, దేశం మారలేదు, మధ్యలో గట్టిగా ఏడాది గడిచిందంతే. అయినా రెండూ ఇద్దరు మనుషుల గొంతుల్లా ఉంటాయి.

మొదటిదాంట్లో ఆ గొంతు ఎక్కడుందో వెతకండి. బాగా కింద, బేస్ గిటారూ కిక్ డ్రమ్మూ ఉండే చోట ఉంటుంది. రిఫ్ (గిటారు మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరుస) ఎక్కడ తెగితే మాటా అక్కడే తెగుతుంది. రెండోదాంట్లో అదే గొంతు తడారిపోయి, గరుకెక్కి, గిటార్ల రొదకు కాస్త వెనక నుంచి వినిపిస్తుంది. లయతో దానికి పెద్దగా పట్టింపు లేదు. పది నిమిషాలు దాటిన 'కథారియన్ లైఫ్ కోడ్'తో ఆల్బమ్ మొదలవుతుంది. ఆ ఒక్క పాట వింటే నేనేమంటున్నానో తెలిసిపోతుంది.

దీనికి కారణం గాయకుడి బలాబలాల్లో లేదు, గిటార్లలో ఉంది. డెత్ మెటల్‌లో తీగలను బాగా కిందికి శ్రుతి చేసి, అరచేతి అంచుతో నొక్కిపట్టి, ముక్కలు ముక్కలుగా వాయిస్తారు. ఆ ముక్కల మధ్య ఖాళీ ఉంటుంది. గ్రౌల్ ఆ ఖాళీలో దిగి, డ్రమ్ముతో కలిసి ఇంకో తాళవాద్యంలా పనిచేస్తుంది. బ్లాక్ మెటల్‌లో తీగలను నొక్కకుండా, ఎడతెరిపి లేకుండా మీటుతూ పోతారు. అక్కడ ఖాళీ ఉండదు. అంత రొదలో లోతైన గ్రౌల్ వేస్తే అది మునిగిపోతుంది, సన్నని పదునైన గొంతు మాత్రమే పైకి తేలుతుంది. కాబట్టి 'పైపైన పుట్టే కీచు' అన్న మీ మాటను నేను ఒప్పుకోను. రెండింటికీ ఊపిరి కింది నుంచే రావాలి.

ఇంకో మాట. డెత్ మెటల్ గొంతు ఎప్పుడూ లోతుగానే ఉండాలని మీరు అనుకుంటున్నట్లుంది. 'డెత్' అనే పేరున్న అమెరికా బృందం గాయకుడు చక్ షుల్డినర్‌ను వినండి. 1987లో 'స్క్రీమ్ బ్లడీ గోర్'లో కిందనున్న గొంతు 1998 నాటి 'ద సౌండ్ ఆఫ్ పర్సెవరెన్స్'కు వచ్చేసరికి ఎంత పైకి వెళ్లిందో! అయినా ఆయన పాడింది డెత్ మెటల్ కాదని ఎవరైనా అనగలరా? ఈ గొడవలో గెలుపు మీ స్నేహితుడిదే.

ప్రశ్న: ఒక్క మాటా అర్థం కాని పాటను ఎందుకు వినాలి? ఇది వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు: నిజంగా అడిగారు కాబట్టి ఫ్లోరిడా బృందం ఒబిట్యుయరీ 1989లో విడుదల చేసిన 'స్లోలీ వి రాట్' వినమంటాను. అందులో జాన్ టార్డీ చాలాచోట్ల మాటలే పాడడు, ఉత్త శబ్దాలు చేస్తాడు. అర్థం వెతకడం మానేసి, ఆ గొంతు ఎక్కడ సాగుతోందో, ఎక్కడ విరుగుతోందో గమనించండి. నెమ్మదిగా నడిచే రిఫ్ మీద ఆయన ఒక అచ్చును సాగదీసి చివర వాంతి చేసుకున్నట్లు వదిలేసే తీరు వింటే, ఆ చోట ఏ మాట పెట్టినా చిన్నదైపోయేదనిపిస్తుంది. సాహిత్యం కావాలనుకుంటే చక్ షుల్డినర్ దగ్గరికి రండి. 1995లో వచ్చిన 'సింబాలిక్' పాటలను కాగితం ముందు పెట్టుకుని వినండి. రెండోసారి కాగితం అక్కర్లేదు.

ప్రశ్న: నార్వే బ్లాక్ మెటల్ బృందం మేహెమ్ పాట 'ఫ్రీజింగ్ మూన్' ఎవరిది గొప్ప? డెడ్ పాడినదా, అటిలా చిహార్ పాడినదా? మా బృందంలో అందరూ డెడ్ వైపే. అటిలా మంత్రాలు చదివినట్లు పాడి పాటను పాడుచేశాడంటారు.

జవాబు: ఈ ప్రశ్న నాకు వస్తూనే ఉంటుంది, ప్రతిసారీ అంతే ఇష్టంగా జవాబిస్తాను.

తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. డెడ్ అనే పేరుతో పాడిన పెర్ ఇంగ్వె ఓలిన్ స్వీడన్ యువకుడు. ఈ పాట సాహిత్యం ఆయనదే. 1991 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు, అప్పటికి 22 ఏళ్లే. ఆయన గొంతు మనకు బాగా దొరికేది 1990 నవంబరులో జర్మనీలో రికార్డైన 'లైవ్ ఇన్ లైప్‌జిగ్'లో. 1994లో 'డి మిస్టీరీస్ డోమ్ సథానాస్' ఆల్బమ్ వచ్చినప్పుడు అదే పాటను హంగరీ గాయకుడు అటిలా చిహార్ పాడాడు.

లైప్‌జిగ్ రికార్డింగులో పాటకు ముందు డెడ్ రెండు ముక్కలు మాట్లాడతాడు. ఆ మాటలకే ఒళ్లు జలదరిస్తుంది. తరువాత వచ్చే అరుపులో కళ ఉందని నేను అనను, గాయం ఉంది. శ్రుతి సరిపోయిందా, ఊపిరి నిలిచిందా అని లెక్కపెట్టే గొంతు కాదది. మీ మిత్రులు దానికి లొంగిపోయారంటే నాకు ఆశ్చర్యం లేదు.

అయినా నా ఓటు అటిలాకే. ఆ ఆల్బమ్ రికార్డైంది నార్వేలోని బెర్గెన్ నగరంలో, గ్రీగ్‌హాలెన్ అనే కచేరీ భవనంలో. హెల్‌హామర్ డ్రమ్ములు విశాలమైన గది మధ్యలో మోగుతున్నట్లు వినిపిస్తాయి. యూరోనిమస్ గిటారు చల్లగా, స్పష్టంగా ఉంటుంది. అంత చోటు ఉన్నప్పుడు మళ్లీ అదే అరుపు అరిస్తే డెడ్‌కు అనుకరణ అయ్యేది. అటిలా ఆ పని చేయలేదు. గొంతును కిందికి దింపి, గొణిగి, మూలిగి, చివరి పాటలో అయితే ఒపేరా గాయకుడిలా గళం విప్పి, ఆ గదిలో మసలే మనిషిలా పాడాడు. 'ఫ్రీజింగ్ మూన్' మొదట్లో రిఫ్ నెమ్మదిగా విడివిడి స్వరాలుగా వస్తుంది కదా, ఆ వెంటనే ఆయన మాటలను ఎలా నమిలి వదులుతాడో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. ప్రతి పదానికీ నోటి ఆకారం మారుతున్నట్లు తెలుస్తుంది. డెడ్ పాడినది ఒక మనిషి బాధ. అటిలా పాడినది ఆ పాటలో రాసి ఉన్న చీకటి. నాకు రెండోదే పాటకు దగ్గరగా కనిపిస్తుంది.

మీ బృందంలో ఒంటరిగా వాదించాల్సి వస్తే నన్ను తలచుకోండి, వెనక్కి తగ్గకండి.

ప్రశ్న: ఈ లోతైన గొంతులన్నీ యంత్రంతో తయారుచేసినవే కదా?

జవాబు: కొన్ని బృందాలు గొంతును యంత్రంతో కిందికి దించిన మాట నిజమే. అన్నీ అవే అనుకుంటే మాత్రం గాయకులకు అన్యాయం చేసినట్లు. ఫిన్లాండ్ బృందం డెమిలిచ్ 1993లో తెచ్చిన 'నెస్పీతే' వినండి. కప్ప బెకబెకకూ బావిలోంచి వచ్చే తేన్పుకూ మధ్య ఉంటుంది అంటీ బోమన్ గొంతు. దానికి యంత్రాలేవీ వాడలేదని ఆల్బమ్ కాగితం మీదే అచ్చువేయించుకున్నారు. ఈ అనుమానం వస్తుందని వాళ్లకు ముందే తెలుసు.

ప్రశ్న: డార్క్‌త్రోన్ 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' గొప్ప ఆల్బమ్ అని మీరు పదేపదే రాస్తారు. నాకు పాడైపోయిన రేడియో విన్నట్లుంది. మంచి స్టూడియోకు డబ్బు లేకపోవడాన్ని కళ అనడం న్యాయమేనా?

జవాబు: డబ్బు లేక కాదు. సన్‌లైట్ లాంటి స్టూడియోలో పనిచేసి వచ్చినవాళ్లే కావాలని ఆ దారి పట్టారు. 1994లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో వాద్యాలన్నీ బృందం డ్రమ్మర్ ఫెన్రిజ్ ఒక్కడే వాయించి, ఇంట్లో నాలుగు ట్రాకుల యంత్రం మీద రికార్డు చేసుకున్నాడు. నాక్టర్నో కల్టో గొంతు ఇచ్చాడు. మొదటి పాటలో డ్రమ్ములు ఆరు నిమిషాల పాటు దాదాపు ఒకే కొట్టుడు. మీకది సోమరితనంగా వినిపించి ఉంటుంది. చిన్న సూచన చేస్తాను. డ్రమ్ములను వదిలేసి గిటారు వెంట వెళ్లండి. రిఫ్ మారినప్పుడు ఒకటి రెండు స్వరాలే కదులుతాయి. కింద ఏదీ కదలదు కాబట్టి ఆ చిన్న మార్పు మనసును నిలువునా పట్టి లాగుతుంది. అదే పాటను ఖరీదైన స్టూడియోలో నిగనిగలాడేలా చేస్తే ఆ లాగుడు పోతుంది. ఒకవేళ అప్పటికీ నచ్చకపోతే నార్వే బృందం ఎంపరర్ ఆల్బమ్ 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్' ప్రయత్నించండి. అదీ 1994దే. కీబోర్డులు నిండుగా ఉంటాయి. మీ చెవికి అది సులువు కావచ్చు.

ప్రశ్న: బుర్జుమ్ వినడం తప్పా?

జవాబు: బుర్జుమ్ అంటే నార్వేకు చెందిన వార్గ్ వికెర్నెస్ ఒక్కడే నడిపిన బృందం. ఆయన 1993 ఆగస్టులో మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్‌ను హత్య చేశాడు. ఆ నేరానికీ, చర్చిలకు నిప్పుపెట్టిన నేరాలకూ 1994లో 21 ఏళ్ల శిక్ష పడింది, 2009లో బయటికి వచ్చాడు. జాతి ద్వేషం నిండిన రాతలూ రాశాడు. ఇవన్నీ తెలిసి నేను ఆయనకు ఒక్క పైసా చేరనివ్వను. ఆయన పాత ఆల్బమ్‌ల ప్రస్తావన రాకుండా ఈ సంగీతం గురించి మాట్లాడగలమా అంటే, మాట్లాడలేం. 1996లో విడుదలైన 'ఫిలోసోఫెమ్'లో గొంతు కోసం స్టూడియోలో ఉన్నవాటిలో అతి నాసిరకం మైకు అడిగి, చివరికి హెడ్‌సెట్ మైకుతో పాడిన సంగతి చెప్పకుండా బ్లాక్ మెటల్ గొంతుల చరిత్ర రాయలేం. పైన మనం మాట్లాడుకున్న మేహెమ్ ఆల్బమ్‌లో బేస్ గిటారు ఆయనదే, గిటారు హతుడిది. అది విన్నప్పుడల్లా నా గుండె బరువెక్కుతుంది. ఆ బరువు లేకుండా వినేవాళ్లు, అదంతా ఏదో సాహసగాథ అన్నట్లు మాట్లాడేవాళ్లు మాత్రం నాకు నచ్చరు.

ప్రశ్న: డెత్ మెటల్ బృందం క్యానిబల్ కార్ప్స్: గాయకుల్లో క్రిస్ బార్న్స్ కాలమా, జార్జ్ ఫిషర్ కాలమా? ఒక్క ముక్కలో చెప్పండి.

జవాబు: ఫిషర్. 1996 నాటి 'వైల్' మొదట్లో ఆయన తీసే పొడవాటి అరుపు, ఆ వెంటనే అంత వేగంలోనూ అక్షరం చెడకుండా పాడిన తీరు చాలు. బార్న్స్ అభిమానులు 'టూంబ్ ఆఫ్ ద మ్యూటిలేటెడ్' లోతును గుర్తుచేస్తారని తెలుసు. ఆ లోతు నాకూ ఇష్టమే.

ప్రశ్న: మేడమ్, నేను గ్రౌల్ నేర్చుకుంటున్నాను. సాధన చేసిన మరునాడు గొంతు మండుతోంది, మాట బొంగురుపోతోంది. ఆడపిల్లల గొంతుకు ఇది సరిపడదని బృందంలోని అబ్బాయిలు అంటున్నారు. మీరూ పాడినవారే కదా, నిజమేనా?

జవాబు: అబద్ధం. జర్మన్ థ్రాష్ మెటల్ బృందం హోలీ మోజెస్‌లో సబీనా క్లాసెన్ 1980లలోనే గర్జించింది. ఏంజెలా గొస్సో స్వీడన్ బృందం ఆర్చ్ ఎనిమీలో చేరి 2001లో 'వేజెస్ ఆఫ్ సిన్' పాడినప్పుడు, గొంతు వినేసి ఆడమనిషి అని నమ్మనివాళ్లు ఎందరో. నేను పాడిన రోజుల్లోనూ ఈ మాట విన్నాను. పాడి చూపించడమే దానికి జవాబు.

మంట సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మనం మాట్లాడేటప్పుడు కంపించేవి స్వరతంతువులు. వాటికి కాస్త పైన, ఇంకా మందమైన రెండు మడతలు ఉంటాయి. మిథ్యా స్వరతంతువులు అంటారు. బరువు ఎత్తేటప్పుడు గొంతు బిగుసుకున్నట్లు అనిపిస్తుందే, అప్పుడు దగ్గరికి వచ్చేవి అవే. సరైన గ్రౌల్‌లో గాలికి బాగా కంపించేవి ఈ మందమైన మడతలు. సైబీరియాలోని టువా గాయకులు కార్గిరా అనే పద్ధతిలో పాడేటప్పుడు కూడా వీటినే వాడతారు. మీకు మంట వస్తోందంటే, ఆ పని అసలు స్వరతంతువుల చేత బలవంతంగా చేయిస్తున్నారని నా అనుమానం.

ముందు గట్టిగా అరవడం ఆపేయండి. మంట పూర్తిగా తగ్గేదాకా సాధన వద్దు. తరువాత అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు గాలి ఎలా వదులుతారో అలా, గొంతు పూర్తిగా తెరిచి వదలండి. శబ్దం ఉండకూడదు. అది సాఫీగా సాగాక బరువెత్తేటప్పటి మూలుగును కొద్దిగా, చాలా కొద్దిగా కలపండి. గరగరమని చిన్న శబ్దం వస్తుంది. మామూలు మాటకంటే గట్టిగా ఉండక్కర్లేదు, ఉండకూడదు కూడా. వేదిక మీద వినిపించే ఆ భీకరమైన ధ్వనిలో సగం పని మైకుది. పెదవులు ముందుకు గుండ్రంగా చాపితే శబ్దం కిందికి దిగుతుంది, పక్కలకు సాగదీస్తే పైకి వెళ్తుంది. లోతు కోసం గొంతు నొక్కకండి, నోటి ఆకారం మార్చండి.

గొంతులో గిలిగింత పుట్టినా, దగ్గు వచ్చినా అక్కడితో ఆపాలి. నీళ్లు తాగుతూ ఉండండి. సాధన అయ్యాక మీ మాట ముందున్నట్లే ఉండాలి, అదే కొలత. వీలైతే ఈ పద్ధతి తెలిసిన గురువు దగ్గర నేర్చుకోండి. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ ఇదే పనిగా మెటల్ గాయకులకు శిక్షణ ఇచ్చి, 2005లో పాఠాలను డీవీడీగా కూడా తెచ్చింది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపించండి. మీరు ఎలా పాడతారో వారికి దాచకుండా చెప్పండి. కుదిరితే అక్కడే ఒకసారి మెల్లగా చేసి చూపించండి. వారి కెమెరా గొంతు లోపల ఉండగా ఏ మడత కదులుతోందో వారికి కనిపిస్తుంది.